ఎదురెదురు బాణాలు

ఆ వీధి మొత్తానికీ ఆవిడ నిచ్చెనమ్మ. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ చేసిన ఉద్యోగం అదే మరి. మొగుడు నిచ్చెనెక్కి దుకాణాల బోర్డులు రాస్తుంటే కింద నిలబడి నిచ్చెన పట్టుకోవడం. చూసేవాళ్లకి అదేం పెద్ద పనిలా కనిపించదు. ఒక్కసారి పట్టుకుని చూడమనండి, తెలుస్తుంది! పైన రంగు డబ్బాలు, కుంచెలు, వాటికి తోడు ఆయనగారి కోపం, అన్నీ కలిసి ఊగుతుంటే కింద మనిషి స్తంభంలా నిలబడాలి. అంతేనా, అసలు పని ఇంకొకటుంది. గోడకి ముక్కు ఆనించి రాసేవాడికి తను రాస్తున్న అక్షరం తప్ప ఇంకేమీ కనిపించదు. బోర్డు మొత్తం కనిపించేది కింద ఉన్నావిడకే. "ఏమండీ, వరస కిందికి జారుతోంది", "ఏమండీ, చివరి అక్షరానికి చోటు చాలదు" అని ఆవిడ అరవాలి. "నాకు తెలుసులేవే" అని ఆయన కసరాలి. ఆ తర్వాత గుట్టుచప్పుడు కాకుండా సరిచేసుకోవాలి. ఆ ఊళ్లో వంకర లేని బోర్డు ఎక్కడ కనిపించినా అందులో సగం పుణ్యం ఆవిడదే. ఆ మాట ఆయన చచ్చినా ఒప్పుకోడు, అది వేరే సంగతి.

ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడు ఒకే ఒక్కడు, ఆవిడ తమ్ముడు. బావ వెనకాలే తిరిగి, బావ కుంచెలు కడిగి, బావ తిట్లు తిని పెద్దవాడయ్యాడు. అలాంటివాడు ఒకరోజు చెప్పాపెట్టకుండా ప్రింటింగ్ మిషను కొని, బావ దుకాణానికి ఎదురుగానే దుకాణం తెరిచాడు. అంతవరకూ పెయింటరు గారు పంటి బిగువున ఓర్చుకున్నాడు. కానీ బావమరిదికి ప్రేమ ముంచుకొచ్చింది. మొట్టమొదటి ప్రింటు బావదే కావాలని, "మా బావ రంగుల దుకాణం" అని ఇంత పొడుగు బ్యానరు తీసి, ఆయన భోజనానికి వెళ్లినప్పుడు ఆయన దుకాణానికే కట్టేశాడు. చేతిరాతతో బతికే మనిషి నెత్తిన మిషను బోర్డు! ఆయన తిరిగొచ్చి చూశాడు. దాన్ని విప్పి, ఇంటికి తీసుకెళ్లి, కారుతున్న స్నానాల గది పైకప్పు మీద పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టాడు. తన మేడ మీంచి తమ్ముడు అది చూశాడు. అంతే, మాటలు బంద్.

అప్పట్నుంచీ ఏడెనిమిదేళ్లుగా వీధికి అటు గుమ్మంలో ఒకరు, ఇటు గుమ్మంలో ఒకరు.

"మీ తమ్ముడికి చెప్పు, వాడి మిషను చప్పుడుకి నా చెయ్యి వణుకుతోందని."

"అక్కా, బావకి చెప్పు, అది చప్పుడు వల్ల కాదు, వయసు వల్లనని."

ఎవరి మాటలు ఎవరికి వినిపించక? అయినా సరే, నిచ్చెనమ్మ వీధి మధ్యలో నిలబడి మళ్లీ చెప్పాల్సిందే. ఆవిడ చెప్పకపోతే విననట్టే లెక్క. ఒకసారి జలుబు చేసి ఆవిడ గొంతు పోయింది. ఆ వారమంతా మగవాళ్లిద్దరూ గుమ్మాల్లో నిలబడి, నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు గుడ్లు మిటకరించారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. అలా ఉండేది ఆవిడ బతుకు.

ఇప్పుడు ఆ మాత్రం కూడా పోయే రోజు వచ్చింది. తమ్ముడు ఊరికి ఆ చివర, కొత్త బజారులో దుకాణం తీసుకున్నాడు. సోమవారం మిషను లారీ ఎక్కుతుంది. ఎదురుగా ఉంటే కనీసం దెప్పుకునేవాళ్లు. కంటికి దూరమైతే ఆ దెప్పుడు కూడా ఉండదు. ఇక తన తమ్ముడు తన గడప తొక్కడని తల్చుకున్నప్పుడల్లా ఆవిడకి ముద్ద గొంతు దిగేది కాదు.

ఆ రోజుల్లోనే ఊరి నడక సంఘం వాళ్లు అడవిలోంచి లోయ మీదుగా చుట్టి వచ్చే కాలిబాట ఒకటి వేశారు. పొద్దున గేటు దగ్గర బయల్దేరితే సాయంత్రానికి మళ్లీ ఆ గేటు దగ్గరే తేలతారు. మరీ కష్టమూ కాదు, మరీ సులువూ కాదు. మనిషికి మోకాళ్లున్నాయన్న సంగతి గుర్తుచేసేపాటి నడక. చెట్లకి మేకులు కొట్టొద్దని అటవీశాఖ వాళ్లు గట్టిగా చెప్పడంతో, దారి చూపించే బాణాలు రాళ్ల మీద రంగుతో రాయించాల్సి వచ్చింది. ఇక్కడ మిషను పప్పులుడకవు, కుంచె కావాలి. పెయింటరు గారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. చాలా కాలానికి వచ్చిన పెద్ద పని, పైగా ఊరంతా చూసే పని.

"నువ్వు రానక్కర్లేదులే. రాళ్లన్నీ నేల మీదే ఉంటాయి. నిచ్చెనతో పనేముంది?" అని ఆవిడని ఇంట్లో వదిలేసి వెళ్లాడు. అక్కడే పడింది దెబ్బ.

ఆదివారం పొద్దున్నే దారి తెరిచే రోజు. అడవి గేటు మీద తమ్ముడు ప్రింటు చేసిన బ్యానరు రెపరెపలాడుతోంది. సంఘం వాళ్లు అతన్నీ పిలిచారు. గేటుకి ఒక పక్క బావ, ఇంకో పక్క బావమరిది, చెరో దిక్కూ చూస్తూ నిలబడ్డారు. గేటు దాటగానే ఏనుగంత బండ ఉంది. దారి అక్కడ రెండుగా చీలుతుంది. బండ మీద పసుపు బాణాలు రెండు మెరిసిపోతున్నాయి, ఒకటి ఎడమకి, ఒకటి కుడికి.

"చూశావటే, ఎంత తూకంగా కుదిరాయో!" అన్నాడు పెయింటరు గారు.

నిచ్చెనమ్మ అలవాటు కొద్దీ నాలుగడుగులు వెనక్కి వేసి చూసింది. చుట్టి వచ్చే దారి కదా, ఒక వైపు నుంచి లోపలికి వెళ్లాలి, రెండో వైపు నుంచి బయటికి రావాలి. రెండు బాణాలూ లోపలికే పొమ్మంటుంటే మనిషి బయటికి వచ్చేదెలా?

"ఏమండీ, ఈ పని ఎటు నుంచి ఎటు చేశారు?"

"ఎటేముంది? మొదటి రోజు ఎడమ దారిన రాసుకుంటూ లోయలో వంతెన దాకా పోయాను. బండీ, తిండి డబ్బా గేటు దగ్గరే ఉన్నాయిగా, వెనక్కొచ్చేశాను. మర్నాడు కుడి దారిన రాసుకుంటూ మళ్లీ వంతెన దాకా. నా ముక్కు ఎటుంటే బాణం అటు. మన పని ఎప్పుడూ ముక్కుసూటిగా ఉంటుంది!"

ఓరి దేవుడా! ఎటు వెళ్లినా బాణాలన్నీ వంతెన దగ్గరికే తీసుకుపోతాయి. అక్కణ్ణుంచి ఇంటికి పొమ్మనే బాణం ఒక్కటీ లేదు. ఈ మనిషి నమ్ముకున్నవాళ్లందరినీ లోయలో దింపి వచ్చాడు!

"ఏమండీ" అని నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే సంఘం అధ్యక్షుడు ఈల ఊదాడు.

"రెండు వైపులా బాణాలున్నాయి, మంచిదే! దారి ఇరుకు కాబట్టి రెండు జట్లుగా వెళ్దాం."

నిచ్చెనమ్మ తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఆ వంతెన ఆవిడ ఎరిగినదే. ఒక్క మనిషి పట్టే వెడల్పు. అటు నుంచి ఒకరు, ఇటు నుంచి ఒకరు వస్తే ఎవరో ఒకరు నోరు విప్పి అడగాల్సిందే. ఇప్పుడు చెబితే ఆయన పరువు దక్కుతుంది. చెప్పకపోతే ఊరందరి ముందూ గంగలో కలుస్తుంది, అదీ ఇన్నాళ్లకి వచ్చిన పని మీద. కానీ చెబితే రేపు లారీ వస్తుంది, తమ్ముడు వెళ్లిపోతాడు. ఆవిడ అధ్యక్షుడి వైపు తిరిగింది.

"అధ్యక్షుడు గారూ, మా తమ్ముడి జట్టుని కుడి వైపు పంపండి. మేం ఎడమ వైపు వెళ్తాం" అంది.

దారి అడవిలోకి ఎక్కింది. చెట్లు పైన ఒకదాన్నొకటి ఒరుసుకుని వెలుతురు మూసేశాయి. రాలిన ఆకులు కాళ్ల కింద మెత్తగా దిగుతున్నాయి, వేళ్లు బయటికి పొడుచుకొచ్చి మెట్లలా ఉన్నాయి. ప్రతి బాణం దగ్గరా పెయింటరు గారు జట్టు మొత్తాన్నీ ఆపి ఉపన్యాసం ఇచ్చాడు. "ఈ తోక చూడండి, ఒక్క ఊపున లాగింది!" జనం ఆయాసం తీర్చుకోవడానికి వంక దొరికింది కదా అని ఆహా ఓహో అన్నారు. ఆయన మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగు చూసి ఎన్నాళ్లయిందో! వెనకాల నడుస్తున్న నిచ్చెనమ్మ ఆ మొహం చూడలేక కళ్లు తిప్పుకుంది.

"ఏమండీ" అంది ఒకచోట ఉండబట్టలేక.

"ఏంటే?"

"ఏం లేదు. కాసిని మంచినీళ్లు తాగండి."

మిట్టమధ్యాహ్నానికి లోయలోకి దిగారు. రెండు పక్కలా కొండ నిలువునా లేచింది, పైన ఆకాశం రిబ్బను ముక్కంత మిగిలింది. రాళ్ల నిండా నాచు. కింద ఏరు ఎంత హోరుగా ఉందంటే పక్కవాళ్లతో మాట్లాడాలన్నా అరవాలి. చివరి మలుపు తిరిగితే చెక్క వంతెన. ఇవతలి బండ మీద బాణం అవతలికి చూపిస్తోంది. అవతలి బండ మీద బాణం దీని ముక్కు మీదికే చూపిస్తోంది. పెయింటరు గారు చెయ్యూపుకుంటూ వంతెన మధ్యకి వెళ్లేసరికి, అటు నుంచి బావమరిది కూడా సరిగ్గా మధ్యకి వచ్చి ఆగాడు. ఇద్దరూ కొయ్యబారిపోయారు. ఇద్దరి కళ్లూ ఒకేసారి నిచ్చెనమ్మని వెతికాయి.

"మీ తమ్ముణ్ణి వెనక్కి నడవమను. బాణం ఇటుంది!"

"అక్కా, బావనే నడవమను. మాకు బాణం అటుంది. అదీ ఆయన రాసిందే!"

నిచ్చెనమ్మ తీరిగ్గా ఒక రాయి మీద కూర్చుంది. చెప్పులు విడిచి కాళ్లు చాపుకుంది.

"నేను చెప్పను. ఇన్నేళ్లూ పట్టుకున్నాను, చాలు. ఇదిగో, నిచ్చెన వదిలేశాను. పడితే పడండి."

వెనకున్న జనానికి అప్పటికి విషయం బోధపడింది. "ఈ బాణాలు నమ్ముకుంటే ఇక్కడే కాపురం పెట్టాలి!" అని ఎవడో అన్నాడు. గొల్లున నవ్వారు. లోయ కదా, పదిమంది నవ్వితే వందమంది నవ్వినట్టు వినిపించింది. పెయింటరు గారు ఇటు బాణం చూశాడు, అటు బాణం చూశాడు. మళ్లీ ఇటు చూశాడు. ఆయన చెవులు ఎర్రబడి, భుజాలు కిందికి జారాయి. నిచ్చెనమ్మ తల దించేసుకుంది. ఎంత పాపిష్టి పని చేశాను, నా చేతులారా ఈ మనిషిని కిందికి తోశాను అనుకుంది.

"అందుకే ప్రింటు బోర్డులు పెట్టిద్దామన్నాను" అన్నాడు అధ్యక్షుడు, పుండు మీద కారం చల్లుతూ. "చేతిపని రోజులు పోయాయండీ."

"ఏమన్నారు?" అన్నాడు తమ్ముడు.

అందరూ అతని వైపు తిరిగారు. అతని మెడ నరాలు ఉబ్బాయి.

"మిషను తప్పు చెయ్యదనుకుంటున్నారా? మొన్న ఒక బ్యానరు మీద పెళ్లికొడుకుని తలకిందులుగా కొట్టింది నా మిషను! ఆ బాణం చూడండి ఒకసారి. గరుకు బండ, పక్కనే తడి నాచు. దాని మీద అలాంటి గీత లాగేవాడు ఈ ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. నేను గీస్తే వానపాములా వస్తుంది. ఎన్నేళ్లు నేర్చుకున్నా వానపామే! చేతకాకేనండీ నేను మిషను కొన్నది!"

"ఒరేయ్, నోర్ముయ్!" అని గర్జించాడు పెయింటరు గారు. "తప్పు తప్పే. నన్ను నువ్వు వెనకేసుకు రానక్కర్లేదు."

"వస్తాను. ఏం చేస్తావ్ బావా?"

"చేతకావట్లేదని నాతో ఒక్క ముక్క అన్నావట్రా? అంటే కూర్చోబెట్టి నేర్పేవాణ్ణి కదరా!"

"నోటితో చెప్పలేకే కదా మొట్టమొదటి ప్రింటు నీకు బ్యానరుగా కట్టింది! నువ్వు తీసుకెళ్లి స్నానాల గదికి కప్పావు!"

"కారుతుంటే కప్పాను! ఇవాళ్టి దాకా ఒక్క చుక్క కారలేదు, తెలుసా? అంత గట్టి బ్యానరు!"

"నిజంగానా?" అన్నాడు తమ్ముడు. గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "రంగు పోలేదా?"

"పోలేదు. అక్షరాల మధ్య ఖాళీ మాత్రం తగలేశావు."

నిచ్చెనమ్మకి కళ్లనిండా నీళ్లు. మధ్యలో ఎవరూ లేకుండా మాట్లాడుకుంటున్నారు! కొట్టుకుంటున్నారు, సరే, కానీ నేరుగా కొట్టుకుంటున్నారు.

పెయింటరు గారు ఆవిడ వైపు తిరిగాడు. "నేనంటే ముక్కు ఆనించి రాసేవాణ్ణి. నీకైనా కనిపించలేదటే?"

అబద్ధం ఆడదామనుకుంది. బోర్డు విషయంలో ఆవిడ ఎన్నడూ అబద్ధం ఆడలేదు.

"కనిపించింది. గేటు దగ్గరే."

"కనిపించీ చెప్పలేదా?" అని అరిచారు ఇద్దరూ ఒక్క గొంతుతో.

ఇక మొదలైంది. ఊరందరి ముందూ మొగుడి పరువు తీస్తావా అని ఒకరు, బావ మొహం ఎలా అయిపోయిందో చూశావా అని ఒకరు. "అడగరా, బాగా గడ్డి పెట్టు మీ అక్కకి!" అని ఆయన, "అసలు నువ్వు అలుసిచ్చావు బావా!" అని ఇతను. వంతెన దిగొచ్చి, ఆవిడకి ఇటొకరు అటొకరు కూర్చుని మరీ చీవాట్లు పెట్టారు. రెండు జట్ల వాళ్లూ ఈ తగువు ఇప్పట్లో తెమలదని ఎక్కడివాళ్లక్కడ కూర్చుని సంచులు విప్పారు. నిచ్చెనమ్మకి ఎన్నాళ్లకో ఆకలి వేసింది. డబ్బా మూత తీసి ఉడకబెట్టిన గుడ్డొకటి ఒలుచుకుంది. తిట్టండి నాయనా తిట్టండి, నాకేం తొందర లేదు అనుకుంది.

తిట్టి తిట్టి అలిసిపోయాక తమ్ముడు కూడా డబ్బాలో చెయ్యి పెట్టి ఒక గుడ్డు తీసుకున్నాడు.

"అక్కా, బావకి చెప్పు, లారీని ఎల్లుండి రమ్మంటాను. రేపు పొద్దున్నే ఇద్దరం వచ్చి కుడి దారి బాణాలన్నీ తిప్పేద్దాం. కొత్త దుకాణానికి బోర్డు కూడా ఆయనే రాయాలని చెప్పు."

"ఎదురుగానే చచ్చాను కదరా! నాకే చెప్పొచ్చుగా, మీ అక్కకేం వేరే పని లేదా?" అన్నాడు పెయింటరు గారు, ఉప్పు పొట్లం అతని వైపు జరుపుతూ.

ఆవిడ నోటినిండా గుడ్డు ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే అలవాటు కొద్దీ ఆ మాట కూడా తమ్ముడికి చెప్పేసేదే.