మూత తీయకూడని రొట్టె

మా కోడలు కొత్తగా ఓవెన్ కొంది. కొన్న వారంలోనే ఇంట్లో రొట్టె చేస్తానని, గోరువెచ్చటి పాలలో కాస్త పంచదార, ఆవగింజ కన్నా సన్నగా ఉన్న ఈస్టు పలుకులు వేసి, గిన్నె మీద పళ్లెం మూసి వంటగట్టు మీద పెట్టింది. మంచినీళ్లకని వెళ్లిన నేను గుమ్మంలోనే ఆగిపోయాను. వాసన. సందేహం లేదు, కల్లు వాసన. అమలాపురం నడిబొడ్డున, మేడ మీద, మా వంటింట్లో! ముందు పొద్దున కుళాయి బాగుచేసి వెళ్లిన మనిషిని అనుమానించాను. తరవాత కింది వాటా వాళ్లని. దేవుడు క్షమించాలి, ఆ తరవాత మా అబ్బాయిని కూడా. చివరికి ఆ గిన్నె దగ్గరికి వెళ్లి పళ్లెం ఎత్తాను. లోపల తెల్లటి నురగ బుసబుసలాడుతోంది.

"మూత తియ్యకండి మావయ్యగారూ, పొంగదు" అంది కోడలు వెనకనుంచి.

పళ్లెం చేతిలో అలాగే ఉండిపోయింది. ఆ మాట నేను ఇదివరకు చాలాసార్లు విన్నాను. గొంతు వేరు.

ఉద్యోగంలో చేరిన రోజు నుంచి నాకు డైరీ రాసే అలవాటు. వానలు, కాలవలో నీళ్లు, బస్సు ఆలస్యాలు, పంటి నొప్పి, అన్నీ ఉంటాయి వాటిలో. మా అత్తయ్య రొట్టె గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లు నా డైరీ ఎవరైనా తెరిచి చదువుతున్నారేమోనని నాకు అనుమానం. అందుకని అసలు సంగతులు రాసేవాణ్ణి కాదు. కాబట్టి ఇదంతా జ్ఞాపకం మీద ఆధారపడి రాస్తున్నదే.

డెబ్బైల మొదట్లో రాజోలు కాలవల ఆఫీసులో గుమాస్తాగా చేరాను. మా నాన్నగారి చెల్లెలి ఊరు అక్కడికి సైకిలు దూరం. హోటలు కూడు తినడం ఎందుకని అత్తయ్య నన్ను వాళ్లింట్లోనే ఉంచుకుంది. పెంకుటిల్లు, వెనక కొబ్బరి దొడ్డి, దొడ్డి దాటితే కాలవ గట్టు. మావయ్య ఊళ్లో బడికి హెడ్మాస్టరు, మా క్రైస్తవ సంఘానికి పెద్దల్లో ఒకరు. మా సంఘంలో ప్రతి ఆదివారం ఆరాధనలో ఒక్క రొట్టెని బల్ల దగ్గర అందరి ఎదుటా విరిచి పంచుతారు. ఆ రొట్టె కొట్లో కొన్నది కాకూడదు, తాగుడున్న ఇంటి నుంచి రాకూడదు. చేసేది మా అత్తయ్య, విరిచేది మావయ్య. తాగుడంటే మావయ్యకి ఎంత పడదంటే, కల్లుపాక ముందునుంచి వెళ్లాల్సి వస్తే సైకిలు దిగి, మొహం అవతలికి తిప్పుకుని నడిపించుకుంటూ పోయేవారు. ఊళ్లో ఎంతమంది చేతనో మానిపించారు కూడాను.

అత్తయ్య రొట్టె సంగతి చెప్పాలి. శనివారం పొద్దున్నే మైదా తడిపి, ఉప్పు, పంచదార, కాస్త నెయ్యి వేసి, చేతులు నొప్పెట్టేదాకా పిసికి, తడిగుడ్డ కప్పి పొయ్యి పక్కన వెచ్చగా పెట్టేది. మధ్యాహ్నానికి ఆ ముద్ద రెట్టింపయ్యేది. పెద్ద ఇనప డేగిసాలో గోదావరి ఇసుక పోసి కాచి, ఇసుకలో ముద్ద ఉన్న గిన్నె దించి, పైన ఇనప మూత వేసి, మూత మీద కొబ్బరి చిప్పల నిప్పులు పరిచేది. ఇసుక కాగిందో లేదో చూడ్డానికి ఒక కాగితం ముక్క దాని మీద వేసేది. కాగితం బంగారం రంగుకి వస్తే సరే, నల్లబడితే నిప్పు తగ్గించాలి. మిగిలిన ముద్దని ఉండలు చేసి, లోపల కొబ్బరి లౌజు కూరి బన్నులు కాల్చేది. బన్ను విరిస్తే వేడి లౌజు వేళ్ల మీదకి కారేది. బెల్లం, ఏలకులు, కాలిన కొబ్బరి చిప్ప, అన్నిటి వాసనా కలిసి వీధి మలుపు దాకా వచ్చేది. నేను ఆఫీసు నుంచి వచ్చి డేగిసా చుట్టూ తిరిగితే కసిరేది.

"మూత తియ్యకురా అబ్బాయ్. అనుమానం ఉన్నోడి చేతిలో రొట్టి ఉడకదు."

ఊళ్లో ఆడవాళ్లంతా ఆ రొట్టె చేయాలని చూసినవాళ్లే. వంటసోడా వేస్తే పసుపురంగు తిరిగి చేదెక్కేది. పెరుగు వేస్తే పుల్లటి పలకయ్యేది. అత్తయ్య అడిగినవాళ్లందరికీ కొలతలు చెప్పేది, అయినా ఎవరికీ కుదిరేది కాదు. దాంతో అందరికీ అనుమానమే. అందరికన్నా ఎక్కువ పక్కింటి పెద్దమ్మగారికి. ఆవిడ భర్త పోయిన దగ్గర్నుంచి సంఘం మంచిచెడ్డలన్నీ తన కళ్ల మీద పెట్టుకున్న మనిషి. కంచె దగ్గర చింతపండు ఒలుస్తూ కూర్చుంటే మా దొడ్డి మొత్తం ఆవిడకి కనిపించేది.

ఒక వేసవిలో నాకూ అనుమానం పట్టుకుంది. తెల్లవారుతూనే పళ్లు తోముకోవడానికి దొడ్లోకి వెళ్తే, కల్లు గీసే ఆయన మోకు భుజాన వేసుకుని మా దొడ్డి గుమ్మం దగ్గర్నుంచి వెళ్తున్నాడు. గుమ్మం పక్కన అరిటాకు కప్పిన చిన్న ముంత. నేను పళ్లు తోముకుని వచ్చేలోపల ముంత లేదు. అది శనివారం. తరవాతి శనివారం కూడా అంతే. అత్తయ్యని అనుమానించడం నావల్ల కాలేదు. మిగిలింది మావయ్య. అలా అనుకుని చూస్తే ఆయన ప్రతి పనీ సాక్ష్యంగానే కనిపించింది. భోజనం కాగానే లవంగం నములుతారు, వాసన దాచడానికి కాకపోతే ఎందుకు? శనివారం మధ్యాహ్నం పడక కుర్చీలో ఒళ్లు తెలియకుండా నిద్రపోతారు. లేచాక కళ్లు ఎర్రగా ఉంటాయి. ఒకరోజు ఆయన పేపరు చదువుతుంటే వెనకనుంచి వంగి ఊపిరి వాసన చూశాను.

"ఏంట్రా, మెడ మీద ఊదుతున్నావు?" అన్నారు.

"వార్తలు చూస్తున్నానండి" అన్నాను. లవంగం వాసన తప్ప ఏమీ తెలియలేదు. అది నా అనుమానాన్ని ఇంకా పెంచింది.

పెద్దమ్మగారు మాత్రం నాలాగా లోపల పెట్టుకునే మనిషి కాదు. ఒక ఉదయం కంచె మీదనుంచి అత్తయ్యనే అడిగేసింది.

"ఏవమ్మాయ్, పొద్దున మోకేసుకొచ్చినాయన మీ దొడ్డి గుమ్మం కాడ ఎందుకాగేడు?"

"కొబ్బరికాయల దింపు గురించండి పెద్దమ్మగారూ."

"దింపు మొన్నేగా అయ్యింది? అయినా కల్లుగీసే ఆయన కాయల దింపు ఎప్పట్నించి మొదలెట్టేడమ్మా?"

అత్తయ్య "ఆయ్, పాలు పొంగుతున్నాయండి" అని లోపలికి వచ్చేసింది. పొయ్యి మీద పాలు లేవు. నేను చూశాను. నేను చూసిన సంగతి అత్తయ్య గమనించింది. ఆ పూట నా కంచంలో ఆవకాయ ముక్క పెద్దది పడింది. లంచమేమోనని అదీ అనుమానంగానే తిన్నాను.

ఆ తరవాతి శనివారం పొద్దున సంఘంలో అందరికన్నా పెద్దాయన మా అరుగు మీదకి వచ్చారు. పిలవకపోయినా పెద్దమ్మగారు వెనకే వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"మేష్టారూ, మాటొచ్చింది. వచ్చేక అడక్కపోతే మాది తప్పండి" అన్నారు పెద్దాయన. "మీ దొడ్డి గుమ్మం కాడికి కల్లుముంత వస్తందంటండి."

మావయ్య నవ్వారు. ఎవరూ నవ్వడం లేదని చూసి ఆపేశారు. మెల్లిగా నావైపు తిరిగారు.

"ఒరేయ్, నువ్వా?"

"నేను కాదండి మావయ్యగారూ."

"మరెవరు?"

"మీరేననుకున్నానండి."

"చూసేరా!" అంది పెద్దమ్మగారు. "ఒకళ్ల మీదొకళ్లు తోసుకుంటున్నారు. ఇద్దరికీ ఉందేమో అలవాటు."

పెద్దాయన ఆవిడని చేత్తో వారించి నన్ను దగ్గరికి పిలిచారు. "అబ్బాయ్, నువ్వీ ఇంట్లో ఉంటున్నావు. దేవుడి ముందు చెప్పు. ముంత చూసేవా?"

"చూసేనండి."

"మేష్టారు తాగ్గా చూసేవా?"

"లేదండి."

పెద్దాయన కండువా అంచు సరిచేసుకున్నారు. "సంగతి తేలేదాకా రొట్టి ఈ ఇంటి నించి వద్దండి మేష్టారూ. మీరు కూడా రేపు బల్ల దగ్గరికి రావద్దు."

మావయ్య తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నారు. ప్రతి ఆదివారం రొట్టె విరిచే చేతులు. ఎంతమంది తాగుబోతుల్ని ఆ చేతులతో పట్టుకుని ఇంటికి తీసుకొచ్చారో. రేపు మందిరంలో ఆయన వెనక బెంచీ మీద కూర్చుంటే, వాళ్లందరూ చూస్తారు. ఒక్కసారి ఆ మాట పడితే ఆ ఊళ్లో మళ్లీ ఆయన మాట ఎవరూ వినరు.

అప్పుడు అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది. చేతులకి పొడి మైదా.

"లోపలికి రండి. అందరూ రండి. పెద్దమ్మగారూ, మీరు ముందు రండి."

వంటింట్లో పెద్దాయనకి పీట వేసింది. మూల గంప కింద నుంచి ముంత తీసింది. అరిటాకు తీసి, మడిచిన పల్చటి గుడ్డ గిన్నె మీద పరిచి, కల్లు అందులోంచి వడపోసింది. పిండి కుప్ప మధ్యలో గుంట చేసి ఆ కల్లు అందులో పోసింది. నురగ పిండిలోకి ఇంకుతూ చిన్నచిన్న బుడగలు వేసింది.

"ఇదండి, మా ఇంట్లో కల్లు తాగేది. ఈ పిండి" అంది. "మా ఆయన పెదవికి ఎప్పుడూ తగల్లేదు. అదొక్కటే నేను చెప్పేది."

పెద్దమ్మగారే ముందు తేరుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఓలమ్మో! మరి నేను వారం వారం..."

"ఆయ్, మీరూనండి."

"ఎన్నాళ్లబట్టమ్మా ఇది?" అన్నారు పెద్దాయన నీరసంగా.

"మా అమ్మ కాడ్నించండి. మిషను దొరల బంగళాలో వంట చేసిన రోజుల్లో మా అమ్మ ఇలాగే చేసేది. దొరసానిగారు తినేది, దొరగారు విరిచేవారు. కల్లు గీత లేని నెలల్లో పాత ముద్దలోంచి కాస్త దాచుకుని పులియబెడతానండి. అదీ దీని పిల్లే."

పెద్దాయన ఆలోచిస్తూ వెనక్కి వెనక్కి వెళ్లడం ఆయన మొహంలో కనిపించింది. తన పెళ్లి, పిల్లల బాప్తిస్మాలు, పోయినవాళ్ల కోసం చేసిన ఆరాధనలు. అన్నిటి వెనకా ఒక ముంత.

మావయ్య గోడకి ఆనుకుని నిలబడ్డారు. "నాతో ఎందుకు చెప్పలేదు?" అన్నారు.

"పొంగిందా అని అడిగేరు గానీ, ఎలా పొంగిందని మీరెప్పుడైనా అడిగేరా? చెప్తే మీరు తినరు. మీరు తినకపోతే విరవరు. మీకు తెలిసిన రోజున రొట్టి నా చేతిలోంచి పోద్దని నాకు తెలుసండి."

పోయింది కూడా. మేష్టారి మీద మచ్చ లేదని పెద్దాయన మర్నాడు మందిరంలో లేచి చెప్పారు. ఎందుకు లేదో మాత్రం చెప్పలేదు. రొట్టె చేసే పని ఇక నుంచి పెద్దమ్మగారిదని, ఏమీ కలపని పిండితోనే చేయాలని తీర్పు అయింది. అత్తయ్య దానికీ "ఆయ్" అంది. ఇంటికొచ్చి డేగిసాలో ఇసుక దొడ్లో ఒంపేసి, డేగిసా గోడవారన బోర్లించింది. లౌజు బన్నులు కూడా ఆగిపోయాయి. మావయ్య శనివారం మధ్యాహ్నాలు పడక కుర్చీలో కూర్చునేవారే గానీ నిద్రపట్టేది కాదు. ఆయన నిద్ర ఆ వాసన వల్ల వచ్చేదని అప్పుడు గాని నాకు తెలియలేదు.

పెద్దమ్మగారి రొట్టె విరవడం మావయ్యకి పరీక్షే అయింది. రెండు చేతులా పట్టుకుని మోకాలికి ఆనించి విరవాలన్నంత గట్టిగా ఉండేది. ముక్క నోట్లో వేసుకున్న పెద్దాయన పాట మొదలుపెట్టడానికి చాలాసేపు పట్టేది. పిల్లలు బుగ్గలో దాచుకుని బయటికి వెళ్లాక కాకులకి వేసేవారు. అవి కూడా అనుమానంగానే చూసేవి.

అలా ఎన్ని వారాలు గడిచాయో గుర్తులేదు. ఒక సాయంత్రం పెద్దమ్మగారు కంచె దగ్గర నిలబడి, "అమ్మాయ్, నీ డేగిసా ఊరికే పడుందిగా, ఓసారి ఇస్తావా?" అంది. అత్తయ్య తోమి ఇచ్చింది. ఇసుక ఎలా కాచాలో చెప్పి వస్తానని తనూ వెళ్లింది. ఆ శనివారం తెల్లవారుతూనే నేను దొడ్లోకి వెళ్లేసరికి కల్లు గీసే ఆయన గట్టు మీద పోతున్నాడు. మా గుమ్మం దగ్గర ఆగలేదు. పెద్దమ్మగారి కంచె మీద కడిగిన ముంత ఒకటి బోర్లించి, నీళ్లు కారుతూ ఉంది. నేను పళ్లు తోముకోవడం వీధివైపు వెళ్లి పూర్తిచేశాను.

ఆదివారం మావయ్య బల్ల దగ్గర నిలబడి రొట్టె అందుకున్నారు. అలవాటు కొద్దీ బలంగా పట్టుకున్నారు. అది దూదిలా విడిపోయింది. ఆయన చేతులు ఆగిపోయాయి. వెచ్చటి వాసన ముందు బెంచీల దాకా వచ్చింది. పెద్దాయన తల ఎత్తారు. మావయ్య ఆడవాళ్ల వైపు చూశారు. పెద్దమ్మగారు కళ్లు గట్టిగా మూసుకుని ప్రార్థనలో మునిగిపోయి ఉంది. ఆవిడ పక్కన అత్తయ్య నెత్తి మీద కొంగు కిందకి లాక్కుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి. పెద్దాయన తన ముక్క తీసుకుని, నెమ్మదిగా నమిలి, కళ్లు మూసుకుని, "పాట పాడదాం" అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు మావయ్య అత్తయ్యని సైకిలు మీద ఎక్కించుకున్నారు. నేను వెనక నడుస్తున్నాను. కల్లుపాక ముందు ఆయన సైకిలు దిగలేదు. గంట కొట్టుకుంటూ వెళ్లిపోయారు.

వాళ్లెవరూ ఇప్పుడు లేరు. ఆ డేగిసా చివరికి ఎవరింట్లో ఉండిపోయిందో నాకు తెలియదు. ఈవేళ మా కోడలు రొట్టె లోపల పెట్టి ఓవెన్ తలుపు వేసింది. దానికి అద్దం ఉంది, లోపల దీపం ఉంది. మూత తీయకుండానే ఎంతసేపైనా చూడొచ్చు. కుర్చీ లాక్కుని నేను చూస్తూ కూర్చున్నాను, అనుమానంగానే. ఎంత చూసినా ఆ రొట్టె నా కోసం తొందరపడలేదు. అత్తయ్య ఇసుకలో ఎంతసేపు పట్టేదో, ఇందులోనూ దాదాపు అంతే పట్టింది.