ఖాలా పేరు ముందుకెందుకొచ్చింది

పెళ్లయి నారాయణఖేడ్ వచ్చిన కొత్తల్ల, ఆదివారం మధ్యాహ్నాలు మా వరండాల ఆడోళ్లం కూడి పాటలు పాడుకునేటోళ్లం. ముందుగాల ఎవరు పాడాలన్న కాడనే సగం పొద్దు పోయేది. నేను అప్పుడే కంప్యూటర్ కోర్సు చేసి ఉంటిని. బటన్ నొక్కితే పేర్లను కలగలిపి వరుస చూపే చిన్న వెబ్ పేజీ తయారు చేసిన. పెద్దామె అని పక్కింటి ఖాలా పేరు మొదట రాసిన, నాది చివర్ల.

ఉర్దూల చిన్నమ్మను ఖాలా అంటరు, మేమూ ఆమెను అట్లనే పిలిచేటోళ్లం. ఇంట్ల ఉర్దూ మాట్లాడేది, మా దగ్గర తెలుగు పాటలు పాడేది. గొంతు బంగారమే గాని, ముందుగాల పాడుమంటే మస్తు సిగ్గు. పేజీ మాత్రం మాటిమాటికి ఆమెనే ముందుకు తెచ్చేది. కొన్ని వారాలు చూసి ఆమె నన్ను పక్కకు పిలిచింది.

"ఏంది బిడ్డా, గీ డబ్బా నా మీద పగబట్టిందా?"

అంతా దాని ఇష్టం, నా చేతుల ఏం లేదన్న. కానీ నాకూ అనుమానమొచ్చింది. అదే పేజీని మా ఆయన ల్యాప్‌టాప్‌ల ఇంకో బ్రౌజర్‌ల తెరిచి ఊకె ఊకె నొక్కి చూసిన. అండ్ల వరుసల తీరే వేరు! కూసొని ఆలోచిస్తే తెలిసింది. బొమ్మా బొరుసా వేసినట్టు ఇద్దరిద్దరి పేర్లు తారుమారు చేయమని రాసిన నేను. ఎవరిని ఎవరి పక్కన పెట్టి చూడాల్నో ఒక్కో బ్రౌజర్‌కు ఒక్కో పద్ధతి. వరండాల మేం వాడే బ్రౌజర్‌ల మొదట రాసిన పేరు ముందట్నే ఎక్కువ నిలిచేది, చివరిది చివర్నే. చిట్టీలు తీసినట్టు ఒక పేరు తీసి, మిగిలినవాటిల నుంచి ఇంకోటి తీసేటట్టు మళ్ల రాసిన. రెండు బ్రౌజర్లల్లా ఖాలా ఇగ అందరితో సమానం.

ఆ ఆదివారం ముందుగాల కల్హేర్ నుంచి వచ్చే అక్క పేరు పడ్డది, ఖాలాది ఆఖరుకు. అక్క గొంతు సవరించుకునేలోపే ఖాలా పాట ఎత్తుకుంది. ఇదేందని అందరం ఆమె దిక్కు చూసినం. పాట పూర్తయినంక గాని జవాబియ్యలేదు.

"గిన్ని దినాలు అలవాటు చేసి, ఇప్పుడు కూసోమంటే ఎట్ల కూసుంట?"

అక్క నవ్వాపుకోలేక చాప మీద ఒరిగిపోయింది. అప్పటి నుంచి మొదటి పాట ఖాలాదే. రెండో పాట నుంచే నా పేజీకి పని. ఒక్కోసారి రెండోది కూడా తనే పాడేది, మేం ఎవ్వరం ఆపలేదు.