చదివి వినిపించని తీర్మానం

తొంభైల చివర్లో నేను పుంగనూరులో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేసేదాన్ని. సదుం వైపు కొండల కింద ఉన్న ఒక సుగాలి తండాకు వెళ్లి, అక్కడి ఆడవాళ్లను, అడవిని కాపాడేందుకు ఫారెస్టువాళ్లు పెట్టిన కమిటీ మీటింగుల్లో కూర్చోబెట్టడం నా పని. ఇంటికొక మగ, ఒక ఆడ సభ్యులుండాలని నియమం. కాగితం మీద అలాగే ఉండేవారు. మీటింగేమో పొద్దున పదింటికి. ఆ వేళకు ఆడవాళ్లంతా కట్టెలకో సీతాఫలాలకో కొండెక్కి ఉంటారు. బడి వరండాలో మగవాళ్లు, ఫారెస్టు గార్డు, నేను.

బస్సు దిగాక రెండు మైళ్లు నడవాలి. అప్పటికే మోకాళ్లు పట్టేసేవి. ఒకరోజు మీటింగయ్యాక గార్డు రిజిస్టరు నా చేతిలో పెట్టాడు.

"ఆడోళ్ల ఏలిముద్రలు లేకుంటే పైన ఒప్పుకోరమ్మా. నువ్వే ఇల్లిల్లూ తిరిగి ఏయించుకోని రా."

సాయంత్రం ఆడవాళ్లు కట్టెమోపులు దించుతుండగా ఇల్లిల్లూ తిరిగాను. పైన రాసిన తీర్మానం ఎవరికీ చదివి వినిపించలేదు. ఆఖరి బస్సు పోతుందని తొందర. ఒక్కొక్కరి బొటనవేలు నేనే పట్టుకుని ఒత్తించాను.

నెల తిరక్కుండా ఫారెస్టువాళ్లు కొండ తూర్పు వాలు మూసేశారు. అక్కడ మొక్కలు నాటుతారట, ఎవరూ అడుగు పెట్టకూడదట. సీతాఫలాలు కాసేది ఆ వాలులోనే. తెలియక వెళ్లిన ఒక యాభై ఏళ్ల వితంతువు చేతిలోంచి కొడవలి లాక్కుని, "మీరంతా ఒప్పుకున్నారు గదా" అన్నాడట గార్డు.

నేను వెళ్లేసరికి ఆమె ఇంటి ముందు కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఏమ్మా, నా ఏలు పట్టుకోని ఒత్తించుకుంటివే, ఆడ ఏం రాసిండాదో యాల సెప్పలేదు?"

"బస్సుకు టైమైపోతుందని..."

"బస్సుకా," అంది. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది.

తర్వాతి మీటింగు మధ్యాహ్నం దాటాక, కొండ కింద మోపులు దించుకునే చోట పెట్టమని పట్టుబట్టాను. ఆడవాళ్లు ముప్పైమంది దాకా ఆగారు. తీర్మానం మొత్తం చదివాను. ఇది చదవకుండానే మీ వేలిముద్రలు తీసుకున్నాను, తప్పు నాదే అని చెప్పాను. ఆ వితంతువే లేచి వాలు వైపు చెయ్యి చాచింది.

"ఆ రాతిగుట్టకు కిందంతా సీతాఫలం. పైన బోడిగా ఉండాది సూడు. నాటేదుంటే పైన నాటండప్పా, నీళ్లు మేమే మోస్తాము. కింద మాత్రం ముట్టొద్దు."

గార్డు చాలాసేపు వాదించాడు. చివరికి పై భాగం మొక్కలకు, కింది భాగం ఆడవాళ్లకు అని కొత్త తీర్మానం రాశారు. కొడవలి కూడా తిరిగిచ్చాడు. మా ఆఫీసులో మాత్రం, అందరి ముందూ అలా చెప్పి సంస్థ పరువు తీశానని నాకు చీవాట్లు పడ్డాయి.

ఆ తర్వాత అంతా మారిపోయిందని చెప్పలేను. మీటింగుకు ఒక నెల ముప్పైమంది వచ్చేవారు, ఒక నెల నలుగురే. వానలు లేని ఏడాది సగం తండా పనులకు బెంగళూరు పోయింది. నాటిన మొక్కలు చాలావరకు ఎండిపోయాయి. నన్ను కుప్పం మార్చారు. అక్కడా అదే పని, అలాంటి నడకే. ఆ వేసవంతా ఆ వితంతువు ఇంకో ఇద్దరితో కలిసి మిగిలిన మొక్కలకు బిందెలతో నీళ్లు మోసిందని తండా నుంచి వచ్చిన ఒకామె చెప్పింది. వెళ్లి చూడాలనుకున్నాను. వెళ్లలేకపోయాను.