ఎదురు గుమ్మం చెప్పులు

ప్రొద్దుటూరులో కంప్యూటర్ పాఠాలు చెప్పే ప్రకాశం, రోజూ తన గుమ్మం ఊడ్చే నెపంతో ఎదుటి జనార్దనం ఇన్‌స్టిట్యూట్ ముందు పేరుకున్న చెప్పులకేసి చూసి పళ్లు నూరుకుంటాడు. అక్కడ నేర్పేది ఒక కంపెనీ ఉచితంగా వదిలిన ప్రోగ్రామింగ్ భాష. ఆ కంపెనీని ఇంకెవరో కొన్నారనీ, కొత్త వెర్షన్‌కు డబ్బు కట్టాలనీ తెలిసిన రోజున ప్రకాశం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ పరామర్శకు వెళ్లాడు.

"ఏందప్పా, కొంప మునిగిందంట గదా?"

"ఏం మునగలేదు సార్. మన ఊర్లల్లో నాయకుడు పార్టీ మారితే ఊరంతా మారాల. ఈ భాషకు ఆ కర్మ లేదు. ఇన్నాళ్లూ ఇచ్చిన కోడు అందరిదీ అని లైసెన్సులోనే రాసిచ్చినారు, వెనక్కి తీసుకోలేరు. దానికి వేరే పేరు పెట్టి, వాడేటోళ్లమంతా కలిసి మేమే నడుపుకుంటాండాం."

ప్రకాశం ఎలాగో నవ్వి బయటికొచ్చాడు. ఆ చెప్పుల గుట్టలో తన జత ఎంత వెతికినా కనబడలేదు.