గోడ మీద అత్తమ్మ

మొన్న లింబాయత్ నుంచి రింగ్ రోడ్‌కు షేర్ ఆటోలో వెళ్తుంటే, మా పాత సర్కారు దవాఖానా ముందు కర్రలు కట్టి ఇద్దరు మనుషులు గోడకు లేత పసుపు రంగు వేస్తూ కనిపించారు. గోడ మీద గీసిన నలుగురు ఆడవాళ్లలో ముగ్గురు అప్పటికే రంగు కిందికి వెళ్లిపోయారు. నాలుగో ఆమె ముఖం మాత్రం ఇంకా మిగిలి ఉంది. ఆటో ఆపమని అడగబోయి, పక్కవాళ్లు ఏమనుకుంటారోనని ఊరుకున్నాను. ఆ ముఖం మా అత్తమ్మదని ఆ ఆటోలో నాకు తప్ప ఎవరికి తెలుసు?

నేను పెళ్లై కరీంనగర్ వైపు నుంచి తాపీ ఒడ్డునున్న ఈ గుజరాతీ ఊరికి వచ్చేనాటికే మా మామ పోయి ఏడాది దాటింది. మా ఆయన, వేరే ఇంట్లో ఉండే ఆయన అన్న, అంటే మా బావ, ఇద్దరూ మగ్గాల మీద పనిచేసేవారు. అత్తమ్మ గడప దగ్గర రాట్నం ముందు కూర్చుని పొద్దంతా మగ్గాలకు దారం కండెలు చుట్టేది. ఎవరింట్లో పెళ్లైనా వెళ్లేది కాదు. బలవంతం చేసి తీసుకెళ్తే వెనక గదిలో ఒక మూల కూర్చుని, అందరూ తిన్నాక తిని వచ్చేది. ఆ రోజుల్లో అది ఎవరికీ వింతగా తోచలేదు, నాకు కూడా.

నేను వచ్చిన కొన్నాళ్లకే, దవాఖానా కొత్తగా కట్టినప్పుడు, గోడ మీద బొమ్మలు వేయడానికి వచ్చిన నెరిసిన జుట్టు గుజరాతీ పెద్దమనిషి ఒకరు మా గల్లీల్లో తిరిగి తిరిగి మా గడప ముందు ఆగిపోయారు. అత్తమ్మ చేతులనే చూస్తూ నిలబడి, ఈ అమ్మను గీసుకోవచ్చా అని మా ఆయన్ని హిందీలో అడిగారు. తన ముఖంలో ఏముందని అత్తమ్మ నవ్వింది గానీ, వద్దనలేదు. ఆయన నాలుగు రోజులు వచ్చి గీసుకున్నారు, ఆమె రాట్నం ఆపనే లేదు. చాయ్ ఇచ్చినప్పుడల్లా ఆయన నాకు ఆ బొమ్మల సంగతి చెప్పేవారు. కడవ పట్టుకున్న ఆమె తాపీ నది, పడవ పట్టుకున్న ఆమె వ్యాపారం, ఆకుల కట్ట పట్టుకున్న ఆమె ఆరోగ్యం, దారం పట్టుకున్న ఆమె శ్రమ. చేతిలో ఉన్నదాన్ని బట్టే ఎవరు ఎవరో తెలుస్తుందనీ, నాలుగో ఆమె చేతి దారం తక్కిన ముగ్గురినీ చుట్టి వస్తుందనీ, ఆమె లేకపోతే వాళ్లు లేరనీ అనేవారు.

తీరా గోడ మీద చూస్తే నాలుగో ఆమె నుదుట రూపాయంత బొట్టు, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు. మావాళ్లంతా ఉలిక్కిపడ్డారు. బావ అయితే కోపంతో ఊగిపోయాడు.

"బాపు పోయి రెండేండ్లు కాలే, అమ్మకు గోడ మీద బొట్టు పెట్టిండు. రేపు ఊళ్లె మొకమెట్ల సూపియ్యాలె?"

కులపెద్దలు కూడా అతని మాటే సరి అన్నారు. అందరూ కలిసి వెళ్తే, ఆ పెద్దమనిషి నిచ్చెన దిగి చేతులు జోడించి, చెరిపేస్తాను గానీ ఆ మాట ఆ అమ్మ నోటితో వినాలన్నారు. ఆమె ఏమంటుందో బావకు అనుమానం లేదు. నన్ను పంపి పిలిపించాడు.

అత్తమ్మ కొంగు నిండుగా కప్పుకుని నా వెంట వచ్చింది. గోడ ముందు నిలబడి చాలాసేపు చూసింది.

"గామె నేను గాదు బిడ్డా," అంది బావతో. "గామె పని. పనికి మొగడుంటడా, సచ్చిపోతడా? బొట్టు తుడువకుండ్రి."

తర్వాత నాకేసి తిరిగి, "గా దారం జర వదులుగున్నది, గుంజి పట్టుమను," అంది. నేను హిందీలో చెప్పగానే ఆయన నవ్వి, మా ముందే దారాన్ని బిగించి గీశారు.

ఆ తర్వాత బావ నాలుగు నెలలు మా గడప తొక్కలేదు. అత్తమ్మ చాటుగా ఏడ్చేది గానీ, అన్న మాట వెనక్కి తీసుకోలేదు. వానాకాలంలో బావ చిన్న కూతురికి జ్వరమొచ్చి ఆ దవాఖానాకే తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆ పిల్ల గోడను చూసి, నాయనమ్మ దగ్గరికి పోతానని ఏడుపు అందుకుందట. అక్కడి నుంచే బావ పిల్లను ఎత్తుకుని మా ఇంటికి వచ్చాడు. తల్లి పక్కన కూర్చుని, ఆమె చుట్టిన కండెలు ఒక్కొక్కటే గంపలో సర్దాడు. ఆమె పిల్లను ఒళ్లోకి తీసుకుంది.

అత్తమ్మ పోయేదాకా బొట్టు పెట్టుకోలేదు. గోడ మీదామెకు ఉన్నది చాలని నవ్వేది. కానీ పెళ్లిళ్లకు వెళ్లి, అందరితో పాటు ముందు వరుసలోనే కూర్చునేది.

ఇప్పుడు మా గల్లీలో భర్త పోయిన ఆడపిల్లలు బొట్టుతోనే బస్సెక్కి ఊరి బయట సచిన్‌లోని ఫ్యాక్టరీల్లో పనులకు వెళ్తున్నారు, ఎవరూ తిరిగి చూడరు. ఇంటికి వచ్చి మా మనవరాలికి ఈ కథంతా చెప్పాను. అది సగం తెలుగు, సగం హిందీ పిల్ల. శ్రద్ధగా విని, "గిందుల లొల్లి ఏమున్నది దాదీ?" అంది. ఆ మాటకు సంతోషించాలో, ఆ రోజు గోడ ముందు నిలబడటానికి అత్తమ్మకు ఎంత ధైర్యం కావలసి వచ్చిందో దానికి ఎప్పటికీ తెలియదని దిగులుపడాలో నాకు తెలియలేదు.