వెనక డోరు లేవని టిఫిన్ బండి

మా ఆయన అప్పలకొండ ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్పయ్యారేళ్లు ఫిట్టరు. పెట్టెకీ పెట్టెకీ మధ్య సందు లేకుండా బిగించడం అలవాటైపోయిన మనిషి. ఇంట్లో మంచం కూడా గోడకి అంటించేస్తాడు. దుప్పటి ఎలా మార్చాలయ్యా అంటే నా ఏపు గుర్రుగా చూస్తాడు.

అలాటోడు నాకోసం వ్యాను వెనక తగిలించే టిఫిన్ ట్రైలర్ కట్టినాడు! ఇరవయ్యేళ్లుగా మలంచాలో పెళ్లి వంటలన్నీ నా చేతివే, పేరు మాత్రం కేటరింగోళ్లది. సాలువా పోలీసు క్యాంపు సుబేదారు ఓ పెళ్లిలో నా ఇడ్లీ తిని, "దీదీ, ఆదివారం మా ఆటల పోటీలు. ఎనిమిదింటికల్లా నూటేబై మందికి టిఫిన్ పెట్టేస్తే గేటు పక్క జాగా రోజూ నీదే" అన్నాడు. ఓలమ్మో, నాకు రెండ్రోజులు నిద్దరుంటే ఒట్టు!

ఆదివారం పొద్దున్నే ఇడ్లీ డ్రమ్ములూ సాంబారూ మా పాత వ్యాన్లోకి వెనకనుంచి ఎక్కించి, డోరు మూసి, అప్పుడు ట్రైలర్ తగిలించినాం. ఝపటాపూర్ దాటి ఏడున్నరకి క్యాంపు చేరినాం. వ్యాను వెనక డోరు పైకెత్తబోయినాను. జానెడు లేచి ఠంగుమంది! ట్రైలర్ ముందున్న జాకీ పిడి డోరుకి అడ్డం.

"ఏటి మావా ఇది?"

ఆయన మొహం పాలిపోయింది. "డోరు మూసుండగా కొలిసినానే. రైలు పెట్టెకి వెనకాల పైకి లేచే డోరు ఎక్కడుంటాది?"

"ఇది రైలేటి? పిడి పీకెయ్!"

"వెల్డింగు చేసేసినాను."

"పోనీ ట్రైలర్ ఊడదియ్!"

"నట్లు బిగించేసినాను. పానాలు సీటు మీంచి వెనక్కి పడేస్తే డ్రమ్ముల సందులోకి జారిపోయినాయి."

తల బాదుకున్నాను. సీట్ల మీదుగా లాగుదామంటే డ్రమ్ము కదల్లేదు. లోపల ఇడ్లీలు ఘుమఘుమ, మైదానంలో ఆకలిమీద కుర్రాళ్లు, టైము ఏడూ నలభై. ఇరవయ్యేళ్ల నా ఆశ రెండు వేళ్ల ఇనప పిడి కాడ ఆగిపోయింది. తిట్లు లంకించుకున్నాను.

ఆయన మాత్రం నా తిట్లు వినట్లేదు. గేటు ముందు మిట్టగా ఉన్న కల్వర్టు ఏపు చూస్తన్నాడు. గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒలే నీలేణీ! నింపురా యార్డులో వ్యాగన్లు మిట్టెక్కి దిగినప్పుడు ముందుది కిందికి వంగుతాది, పైన రెండింటి మధ్య సందు తెరుచుకుంటాది! ఎక్కు ఎక్కు!"

వ్యాను కల్వర్టు ఎక్కించి, ముందు చక్రాలు అవతలి వాలులోకి దిగాక బ్రేకేసినాడు. వ్యాను ముందుకి వంగింది, ట్రైలర్ ముక్కు పైకి లేచి వెనక్కి వాలింది. దిగి వెనక్కెళ్లి డోరు పట్టుకున్నాను. పిడి మీంచి రాసుకుంటూ డోరు సర్రున లేచిపోయింది! ఇద్దరం కేకేసినాం. కాపలా జవానులు కూడా పరిగెత్తుకొచ్చి డ్రమ్ములు దింపేసినారు.

ఎనిమిది కొట్టేసరికి ఒక్కడి చేతిలోనూ ఖాళీ పళ్లెం లేదు. "దీదీ, ఔర్ దో!" అని ఒకటే గోల!

సుబేదారు చెయ్యి కడుక్కుని, గేటు పక్క జాగాకి పాసు కాయితం తీసి మా ఆయన్ని అడిగినాడు, "దాదా, దుకాణం మీ పేరేనా?"

"కాదు సాబ్" అన్నాడు మా ఆయన. "బండి నాది, పొరపాటు నాది. దుకాణం నీలవేణిది."

ఇంతకాలం వండినాను, నా పేరు ఎవడూ ఎక్కడా రాయలేదు. అందరి ముందూ గరిటె పట్టుకునే భోరున ఏడ్చేసినాను.