కళ్లు తెరవని నంది

ఆన్‌లైన్ టెండర్ల గురించి ఇన్నేళ్లలో చాలామంది మాట్లాడారు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. ఖాజాబీ అక్కను అసలే అడగలేదు. మొన్న నంద్యాలలో ఒక జిరాక్సు అంగట్లో నిలబడితే, అప్పుడే బయటికొచ్చిన వేడి కాగితం వాసన తగిలి ఆమె ఇంటర్నెట్ సెంటరు గుర్తొచ్చింది. ఎవరూ అడగకపోయినా రాస్తున్నాను.

నేను ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కేవాణ్ణి. తొంభైలలో ప్రభుత్వానికి ఏదైనా అమ్మాలంటే టెండరు కవరును ఆఫీసులోని పెట్టెలో వేయాలి. ఒకసారి గడువు ఉండగానే ఆ గదికి తాళం వేసి "టైమైపాయ, పో" అన్న గుమాస్తా ముఖం నేనింకా మరిచిపోలేదు. తర్వాత టెండర్లు కంప్యూటర్లోకి మారాయి. నాకప్పుడు కంప్యూటరు రాదు. నంద్యాలలో టైపింగు ఇన్‌స్టిట్యూటును ఇంటర్నెట్ సెంటరుగా మార్చుకున్న ఖాజాబీ అక్క నా తరఫున టెండర్లు వేసేది.

ఆ వెబ్‌సైటు ఒకచోట కుదురుగా ఉండేది కాదు. నేను బస్సెక్కి వెళ్లేసరికి ఏదో ఒకటి మారిపోయేది.

"ఏందక్కా ఇది? పోయినసారి ఆడుండిన బటన్ యాడికి పోయింది? మనల్ని ఒక మాట అడగొద్దా?"

"తర్వాత కొట్లాడుదువులే అప్పా. ఇల్లు మారినోళ్లు పొయ్యి యాడ పెట్టుకున్నారో ముందు చూడొద్దా?" అని కుర్చీ ముందుకు జరుపుకునేది. కొత్త పేజీలో ప్రతి మూలా నొక్కి చూసేది. నాకు తలనొప్పి తెప్పించే మార్పులు ఆమెకు పండగలా ఉండేవి.

ఒక గుడికి నంది కావాలని దేవాదాయ శాఖ టెండరు వచ్చినప్పుడు సైటు మళ్లీ మారింది. ఈసారి తయారైన వస్తువు ఫోటో కూడా పెట్టాలన్నారు. నంది చెక్కి ఫోటో పంపాను. "అసంపూర్ణ వస్తువు" అని తిప్పికొట్టారు. కారణం, నందికి కళ్లు తెరవలేదు. కొనేవాళ్లు వచ్చి ఎదురుగా నిలబడితేనే చివరి ఉలిదెబ్బతో కళ్లు తెరవడం మా ఇంటి పద్ధతి. మా నాయన అట్లాగే చేశాడు, నేనూ అంతే. టెండరు పోతే పోయింది, సగం పని చేసి అమ్ముకునేవాణ్ణని సర్కారు లెక్కలో ముద్ర పడడం నాకు మింగుడుపడలేదు.

"ఫోటో కోసం తెరిచేస్తే పోతాది గదా?" అంది అక్క.

"దాని చూపు ముందు కొనేవాళ్ల మీద పడాల. కెమెరా మీద గాదు."

ఆమె నవ్వలేదు. మరుసటి ఆదివారం ఆళ్లగడ్డ వచ్చి, కొంగుతో రాతిపొడి దులిపి నంది ముందు కూర్చుంది. కళ్లున్న చోట వేలితో తడిమింది. "లోపల్నించి మనల్ని చూస్తాండాదేమో అప్పా" అంది.

సైటులో సలహాలకు ఒక గడి ఉండేది. అందులో పెట్టమని నేను ఆ గుమాస్తా కాలం నుంచీ జరిగినవన్నీ తిట్లతో సహా చెప్పాను. అక్క అంతా టైపు చేసి, చదివి, చెరిపేసింది.

"తిడితే ఆ పేజీ మూసేసి టీకి పోతారు. అడుగు. నీకు నిజంగా ఏం తెలియాలనుందో అదే అడుగు."

తిట్లు పక్కనబెట్టి చెప్పాను. "కొనేవాళ్లు వచ్చాకే పూర్తయ్యే వస్తువును మీ సైటులో ఎక్కడ చూపించాలి?"

జవాబు రాకముందే గడువు దాటింది. ఆ నంది ఆర్డరు వేరే ఊరి వాళ్లకు పోయింది. కొన్నాళ్లకు సైటు మళ్లీ మారినప్పుడు ఫోటో కింద "వివరణ" అనే కొత్త గడి కనిపించింది. అక్క కుర్చీలోంచి లేచి నిలబడింది. "మన ప్రశ్న వల్లనేనంటావా?" అని నన్ను అడిగింది. నాకేం తెలుసు? ఆమె మాత్రం ఆ రోజంతా వచ్చినవాళ్లందరికీ ఆ గడి చూపించింది.

అక్క ఇప్పుడు లేదు. నా కోపం తగ్గలేదు, తగ్గించుకోను కూడా. కానీ సైటులో ఏదైనా మారితే, అక్క లాగే, నోరు తెరిచే ముందు నేనే ప్రతి మూలా నొక్కి చూస్తున్నాను. ఆ తర్వాత అదే ప్రశ్న మళ్లీ పంపుతున్నాను. "మీ సూచన అందింది" అంటారు, అంతే.

నంది మా షెడ్డులోనే ఉంది. "అసంపూర్ణం" అని రాసినవారు ఎక్కడున్నా సరే, ఒకసారి ఆళ్లగడ్డ వచ్చి దాని ఎదుట నిలబడండి. ఉలి పట్టుకుని పక్కనే ఉంటాను. అది కళ్లు తెరిచి మిమ్మల్ని చూశాక, నా పని పూర్తయిందో లేదో మీ నోటితో చెప్పండి.